పంచిన లింకు మళ్లీ దొరకాలంటే: సోషల్ బుక్‌మార్కింగ్ లోతుపాతులు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని పలాస దగ్గర తీరం దాటింది. అక్కడి ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడిమామిడి తోటలు పెద్దయెత్తున నేలకూలాయి. ఆ రోజుల్లో వార్తలు, ఫొటోలు, ప్రభుత్వ ప్రకటనలు లింకుల రూపంలో ఫోను నుంచి ఫోనుకు తిరిగాయి. తోటల పునరుద్ధరణ ఎలా సాగిందో రాయాలనుకునే విలేకరికో, పరిశోధన విద్యార్థికో ఆనాటి లింకులు ఇవాళ కావలసివస్తే మూడు అడ్డంకులు ఎదురవుతాయి. ఆ సందేశం ఇప్పటి ఫోనులో ఉండకపోవచ్చు. ఉన్నా, దాని పక్కన ఎవరూ ఒక్క మాటైనా రాయకపోతే ఏ పదంతో వెతకాలో తెలియదు. వెతికి పట్టుకున్నా, నొక్కితే అసలు పేజీయే లేకపోవచ్చు. ఈ మూడూ వేరువేరు సమస్యలు. మొదటిది లింకును ఎక్కడ దాచామన్నది, రెండవది దానికి ఏ మాట జోడించామన్నది, మూడవది పేజీ నకలును ఎవరు కాపాడుతున్నారన్నది. లింకులను వెబ్ మీద అందరికీ కనబడేలా దాచుకునే, సోషల్ బుక్‌మార్కింగ్ పేరుతో పుట్టిన పద్ధతి మొదటి రెండింటిని చక్కగా పరిష్కరించింది, మూడవదాన్ని చాలావరకు వదిలేసింది. ఈ తేడా తెలియక, లింకు దాచుకుంటే విషయం దాచుకున్నట్టేనని నమ్మి నష్టపోయినవారు చాలామంది.

బ్రౌజర్‌లో నక్షత్రం గుర్తు నొక్కి దాచుకునే బుక్‌మార్కు మొదట్లో ఒక్క కంప్యూటరుకే పరిమితం. యంత్రం మారితే అది రాదు, మరొకరికి కనబడదు. వెబ్ మీదే బుక్‌మార్కులు పెట్టుకునే సేవలు 1996 నాటికే మొదలయ్యాయి గానీ, అసలైన మలుపు 2003లో జాషువా షాక్టర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ప్రారంభించిన డెలిషియస్‌తో వచ్చింది. తన దగ్గర పోగుపడిన లింకుల పక్కన గుర్తు కోసం చిన్న చిన్న మాటలు రాసుకునే అలవాటును ఆయన అందరికీ పనికివచ్చే సాధనంగా మలిచాడు. లింకు, శీర్షిక, ఒకటి రెండు వాక్యాల వివరణ, కొన్ని ట్యాగులు, అంటే ఆ గుర్తు మాటలు: అందులో ఉన్నది ఇంతే. దాచినదంతా, ప్రత్యేకంగా గోప్యం చేస్తే తప్ప, అందరికీ కనబడేది. దాచుకోవడమూ పంచుకోవడమూ ఒకే పనిగా మారడమే అందులోని కొత్తదనం. ఎవరికీ ఏమీ పంపనక్కరలేదు, తన కోసం తాను దాచుకున్నదే ఇతరులకు దారి చూపేది.

అది ఎలా పనిచేస్తుందో ఉద్దానం కిడ్నీ వ్యాధి ఉదాహరణతో చూద్దాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎందుకింతగా ఉందన్నదానిపై చాలా అధ్యయనాలు జరిగాయి. ఏకైక కారణం ఇంకా తేలలేదు గనుక సమాచారం వైద్య పత్రికల్లో, భూగర్భ జలాల నివేదికల్లో, వార్తల్లో, ప్రభుత్వ ఉత్తర్వుల్లో చెల్లాచెదురుగా ఉంది. ఒకే పరిశోధన పత్రాన్ని నలుగురు దాచుకున్నారనుకుందాం. వైద్య విద్యార్థి దానికి, ఆ వ్యాధి ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపమైన ‘సీకేడీ’ అని ట్యాగు పెడతాడు. ఉపాధ్యాయురాలు ‘కిడ్నీ వ్యాధి’ అంటుంది, విలేకరి ‘ఉద్దానం’ అంటాడు, నీటిపారుదల ఇంజినీరు ‘భూగర్భ జలం’ అంటాడు. ఆ లింకు మీద నొక్కితే దాన్ని దాచిన నలుగురి పేర్లూ, వాళ్లు పెట్టిన మాటలూ ఒకేచోట కనబడతాయి. విద్యార్థి ఆ ఇంజినీరు పేరు నొక్కితే అతను దాచుకున్న తక్కిన నీటి నివేదికలన్నీ బయటపడతాయి. అలాంటివి ఉన్నాయనే సంగతే తెలియని విద్యార్థి వాటిని ఏ సెర్చ్ ఇంజిన్‌లోనూ వెతికి ఉండడు. లింకు నుంచి మనిషికి, మనిషి నుంచి మాటకు, మాట నుంచి మరో లింకుకు వెళ్లగలిగే ఈ మూడు దారుల కూడలే సోషల్ బుక్‌మార్కింగ్‌కు ప్రాణం. వాట్సాప్ గ్రూపులో ఈ కూడలి లేదు. అక్కడ ఉన్నది కాలక్రమం ఒక్కటే, నిన్నటిది ఇవాళ్టి కిందికి జారిపోతుంది.

జనం తమ తమ మాటలతో కట్టే ఇలాంటి వర్గీకరణకు 2004లో థామస్ వాండర్ వాల్ ‘ఫోక్సానమీ’ అని పేరు పెట్టాడు. ఎవరి ఇష్టమొచ్చిన మాట వాళ్లు పెడితే గందరగోళం కాదా అన్న సందేహం సహజమే. జార్జ్ ఫర్నాస్ బృందం 1987లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక వస్తువుకు పేరు పెట్టమంటే ఇద్దరు మనుషులు ఒకే మాట ఎంచుకునే అవకాశం 20 శాతం కన్నా తక్కువ. అంటే ఒక నిపుణుడు కూర్చుని పెట్టిన ఒకే ఒక్క పేరు తక్కినవాళ్లలో అత్యధికులకు తట్టదు. పదిమంది పది పేర్లు పెట్టినప్పుడు, వెతికేవాడి మాట వాటిలో ఏదో ఒకదానితో కలిసే అవకాశం పెరుగుతుంది. డెలిషియస్ మీద స్కాట్ గోల్డర్, బెర్నార్డో హ్యూబర్‌మన్ చేసిన పరిశోధనలో మరో ముఖ్యమైన సంగతి తేలింది. ఒక లింకును సుమారు వందమంది దాచుకునేసరికి, దానికి ఏ ట్యాగు ఎంత నిష్పత్తిలో పడుతుందో దాదాపు స్థిరపడుతుంది. ఎవరూ నియమం పెట్టకుండానే ఒక ఒడంబడిక ఏర్పడుతుందన్నమాట. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఒక మండలానికి సంబంధించిన తెలుగు పేజీని వందమంది దాచుకోవడం దుర్లభం, ముగ్గురో నలుగురో దాచుకుంటారు. పెద్ద గుంపులో దానంతటదే కుదిరే సర్దుబాటు చిన్న గుంపులో కుదరదు గనుక, మనలాంటివాళ్లం దాన్ని మాట్లాడుకుని చేసుకోవాలి.

ఫోల్డరు కన్నా ట్యాగు ఎందుకు మేలో చెప్పడానికి మన ఉత్తరాంధ్ర జిల్లాలే చక్కని సాక్ష్యం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన అమలులోకి వచ్చినప్పుడు పాలకొండ శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది, రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది, పార్వతీపురం, సాలూరు, కురుపాం విజయనగరం జిల్లా నుంచి విడిపోయాయి. 2015 నాటి పాలకొండ నివేదికను ‘శ్రీకాకుళం’ ఫోల్డరులో పెట్టినవారికి ఇప్పుడు చిక్కే: అక్కడే ఉంచితే కొత్తగా వెతికేవారికి దొరకదు, మారిస్తే పాత లెక్కలతో పోల్చేవారికి దొరకదు. ఫోల్డరులో ఒక వస్తువుకు ఒకే చోటు, ట్యాగులో ఎన్ని చోట్లయినా ఉండవచ్చు. ఊరు, పాత జిల్లా, కొత్త జిల్లా, సంవత్సరం, విషయం అన్నీ విడివిడి ట్యాగులుగా పెడితే, ఏ వైపు నుంచి వచ్చినవారికైనా ఆ నివేదిక అందుతుంది. గ్రంథాలయ శాస్త్రంలో ఈ ఆలోచన కొత్తది కాదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణ, పుస్తకాన్ని ఒకే గూటిలో బిగించకుండా విషయం, స్థలం, కాలం వంటి ముఖాలుగా విడదీసి చూసింది. వెబ్ ట్యాగులు ఆయన పద్ధతి అంత క్రమశిక్షణ గలవి కావు గానీ, ట్యాగులు పెట్టేటప్పుడు ‘ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు’ అని మూడు ప్రశ్నలు వేసుకోవడం ఆయన నుంచి నేర్చుకోదగ్గది.

తెలుగులో ట్యాగుల అవసరం ఇంగ్లీషులో కన్నా ఎక్కువ, వాటితో వచ్చే ఇబ్బందీ ఎక్కువే. మన నామవాచకాలు విభక్తి చేరగానే రూపు మార్చుకుంటాయి. ‘శ్రీకాకుళం’ అని వెతికితే అక్షరాలను ఉన్నదున్నట్టు పోల్చే సాధనానికి ‘శ్రీకాకుళంలో’ దొరుకుతుంది గానీ ‘శ్రీకాకుళానికి’ దొరకదు, ఎందుకంటే అక్కడ సున్న పోయి దీర్ఘం వచ్చింది. వ్యాసంలో పేరు ఏ రూపంలో ఉన్నా ట్యాగులో ప్రథమా విభక్తి రూపమే ఉంటే ఈ చిక్కు తీరుతుంది. తుపాను, తుఫాను, తుఫాన్ అని మూడు విధాలుగా రాసేవారున్నారు. శ్రీకాకుళాన్ని సిక్కోలు అని ప్రేమగా రాసేవారున్నారు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విభజన సంకేతాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. మాట చివర అది చేరినప్పుడు రెండు ట్యాగులు చూపుకు ఒక్కటే అయినా యంత్రానికి వేరు. విజయనగరం విషయంలో ఇంకో ప్రత్యేకమైన తికమక ఉంది. పూసపాటివారి విజయనగరానికీ, తుంగభద్ర ఒడ్డున ఉన్న కృష్ణదేవరాయల విజయనగరానికీ ఇంగ్లీషు స్పెల్లింగు వేరు గనుక అక్కడ గొడవ లేదు. తెలుగులో రెండూ ఒకే అక్షరాలు. ‘విజయనగరం’ అని మాత్రమే ట్యాగు పెడితే సిరిమాను ఉత్సవమూ హంపి శిథిలాలూ ఒకే కుప్పలో పడతాయి. పైగా కర్ణాటకలో 2021లో విజయనగర అనే జిల్లా కూడా ఏర్పడింది. అందుచేత ‘విజయనగరం-ఉత్తరాంధ్ర’ వంటి జంట ట్యాగు పెట్టడం అనవసరపు జాగ్రత్త కాదు. డెలిషియస్‌లోనూ, దాని తరవాత వచ్చిన పిన్‌బోర్డులోనూ ఖాళీ వస్తే ట్యాగు ముగిసినట్టే లెక్క. రెండు మాటల పేరును మధ్యలో అడ్డగీతతో కలపకపోతే అది రెండు ముక్కలవుతుంది.

తెలుగు లింకుల ఆకారం గురించి కూడా ఒక మాట చెప్పాలి. వెబ్ చిరునామాలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి, కంప్యూటరు అక్షరాలను అంకెలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది, కాపీ చేసినప్పుడు ఒక్కో బైటు శాతం గుర్తుతో మొదలయ్యే మూడు అక్షరాలవుతుంది. ‘శ్రీకాకుళం’ అనే మాటలో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నతో కలిపి పది సంకేతాలున్నాయి గనుక అది 90 అక్షరాల పొడవైన గీతగా మారుతుంది. తెలుగు వికీపీడియా లింకు ఎవరైనా పంపినప్పుడు అర్థంకాని వరుస కనబడటానికి కారణం ఇదే. దాన్ని చూసి భయపడి, పొట్టి లింకుగా మార్చి పంపే అలవాటు చాలామందికి ఉంది. అది మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. పొట్టి లింకు అంటే మధ్యలో మరో సంస్థ మీద ఆధారపడటం. గూగుల్ తన పొట్టి లింకుల సేవను 2019లో ముగించి, చాలాకాలంగా ఎవరూ నొక్కని పాత లింకులను 2025 ఆగస్టులో పనిచేయకుండా చేసింది. అసలు పేజీ బతికే ఉన్నా అక్కడికి వెళ్లే దారి తెగిపోయిన సందర్భాలివి. అలాగే సామాజిక మాధ్యమాలు లింకు చివర తగిలించే జాడ సంకేతాలను, అంటే ప్రశ్నార్థకం గుర్తు తర్వాత యూటీఎం వంటి పేర్లతో వచ్చే తోకను, తీసేసి దాచడం మేలు. ఆ తోక మారినప్పుడల్లా ఒకే పేజీ వేరువేరు లింకులుగా నమోదై, పైన చెప్పిన కూడలి చీలిపోతుంది. తోకలన్నీ అనవసరమైనవి కావు. కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉత్తర్వు సంఖ్య ప్రశ్నార్థకం తర్వాతే ఉంటుంది, కాబట్టి తీసేశాక పేజీ తెరుచుకుంటోందో లేదో చూడాలి.

డెలిషియస్‌కు తోబుట్టువుల్లాంటివి మరికొన్ని వచ్చాయి. 2004లో డిగ్, 2005లో రెడిట్ లింకులకు ఓట్లు వేయించాయి. అక్కడ ముఖ్యం దాచుకోవడం కాదు, ఇవాళ ఏది పైకి వచ్చిందన్నదే. 2007లో రీడ్ ఇట్ లేటర్‌గా మొదలై పాకెట్‌గా మారినది సొంత చదువు కోసం. పరిశోధకులకు 2004లో సైట్‌యులైక్, కనోటియా వచ్చాయి, ఆ రెండూ ఇప్పుడు లేవు. వీటన్నిటికీ కలిపి ఒకే పేరు వాడటం వల్ల ఒక పెద్ద అపార్థం పుట్టింది. ఇవాళ ఎవరైనా సోషల్ బుక్‌మార్కింగ్ అని వెతికితే ఎక్కువగా కనబడేవి, మీ వెబ్‌సైటు లింకును ఈ వందల సైట్లలో పెట్టండి, సెర్చ్‌లో పైకి వస్తారు అనే జాబితాలు. డిజిటల్ మార్కెటింగ్ శిక్షణలో దీన్ని ఒక పాఠంగా నేర్పేవారూ ఉన్నారు. సెర్చ్ ఇంజిన్లు బయటి లింకులను సిఫారసులుగా లెక్కించడం చూసి పుట్టిన ఈ వ్యాపారానికి 2005 జనవరిలోనే అడ్డుకట్ట పడింది. పాఠకులు పెట్టే లింకులకు విలువ ఇవ్వవద్దని చెప్పే ‘నోఫాలో’ గుర్తును గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ అప్పుడే అంగీకరించాయి. అయినా స్పామ్ ఆగలేదు. తాను చదివి, పనికివస్తుందని నమ్మి దాచుకున్న లింకుకూ, ప్రచారం కోసం గుమ్మరించిన లింకుకూ తేడా చెరిగిపోయిన చోట ఈ పద్ధతి చచ్చిపోతుంది. ఉపాధి వెతుక్కునే మన జిల్లాల యువత ఈ రెండవ పనిని నైపుణ్యంగా భావించి సమయం వృథా చేసుకోవడం చూస్తే బాధ కలుగుతుంది.

సేవలు మూతపడిన చరిత్ర ఇంకా పెద్ద పాఠం. డెలిషియస్‌ను 2005 డిసెంబరులో యాహూ కొన్నది. 2010 డిసెంబరులో దాన్ని ముగించే ఆలోచన ఉందని బయటికి పొక్కగానే వాడుకరులు తమ లింకులు పట్టుకుని పిన్‌బోర్డు వంటి చోట్లకు తరలిపోయారు. 2011లో యూట్యూబ్ స్థాపకులైన చాడ్ హర్లీ, స్టీవ్ చెన్‌ల సంస్థ దాన్ని కొని రూపు మార్చింది. తరవాత మరికొన్ని చేతులు మారి, చివరకు 2017లో పిన్‌బోర్డు నడిపే మాచెయ్ సెగ్లోవ్‌స్కీ దాన్ని 35,000 డాలర్లకు కొని, కొత్తగా ఏమీ చేర్చే వీలులేకుండా, ఉన్నవి చూసుకోవడానికి మాత్రమే ఉంచాడు. మాగ్నోలియా అనే మరో సేవ 2009 జనవరి 30న డేటాబేసు చెడిపోయి కుప్పకూలింది. భద్రపరిచిన నకలు కూడా చెడిపోవడంతో చాలామంది వాడుకరుల లింకులు తిరిగిరాలేదు. గూగుల్ బుక్‌మార్క్స్ 2021లో, పాకెట్ 2025 జులైలో ఆగిపోయాయి. ఇవేవీ చెడ్డ సేవలు కావు. లక్షలమంది దాచుకున్న చోటు కూడా ఒక సంస్థ నిర్ణయంతో పోగలదన్నది వీటన్నిటి ఉమ్మడి కథ. అందుకే నేను ఏ సేవనైనా మొదట అడిగే ప్రశ్న, నా లింకులన్నీ ట్యాగులతో సహా ఒక ఫైలుగా బయటికి తీసుకోగలనా అన్నది. నెట్‌స్కేప్ అనే పాత బ్రౌజర్ కాలంనుంచి వస్తున్న బుక్‌మార్కుల హెచ్‌టీఎంఎల్ ఫైలును నేటికీ దాదాపు అన్ని బ్రౌజర్లూ చదువుతాయి. ఆ ఫైలు చేతిలో ఉంటే సేవ మారడం ఒక పూట పని.

ఫైలు చేతిలో ఉన్నా మూడవ అడ్డంకి అలాగే ఉంది. ప్యూ పరిశోధన కేంద్రం 2024లో ప్రకటించిన అధ్యయనంలో, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తరవాత తెరుచుకోలేదు. లింకు ఎంత శ్రద్ధగా దాచినా అది ఒక చిరునామా మాత్రమే, ఇల్లు ఖాళీ అయితే చిరునామా ఏమీ చేయలేదు. దీనికి మందు నకలు. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఏ పేజీనైనా అప్పటికప్పుడు భద్రపరచమని కోరే సౌకర్యం ఉచితంగా ఉంది. లింకు దాచిన క్షణంలోనే ఆ పని చేసి, నకలు చిరునామాను వివరణలో చేర్చుకోవాలి. తరవాత చేద్దామనుకుంటే పేజీ ఉండదు. ఈ విషయంలో శ్రీకాకుళంలోనే మనకు గొప్ప నమూనా ఉంది. కాళీపట్నం రామారావు 1997లో ప్రారంభించిన కథానిలయం తెలుగు కథల జాబితాతో తృప్తిపడలేదు, కథలు అచ్చయిన పత్రికలనూ సంపుటాలనూ సేకరించి, వాటిని వెబ్‌లో రచయిత పేరుతో, కథ పేరుతో, పత్రిక పేరుతో వెతుక్కునే వీలు కల్పించింది. ఒక కథ ఉండేదని తెలిపే సూచికా, ఆ కథ ఉన్న కాగితమూ రెండూ ఒకేచోట ఉండటంలోని విలువ, పత్రికలే కనుమరుగైపోయాక మరింత స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు ఇక్కడ ఏం చేయవచ్చు? ఒక పాఠశాల ఉపాధ్యాయుల బృందమో, పోటీ పరీక్షలకు కలిసి చదివే అభ్యర్థులో, ఉద్దానం గురించి పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలో పదిమంది చాలు. రెయిన్‌డ్రాప్, డీగో వంటి సిద్ధ సేవలున్నాయి. కొంచెం సాంకేతిక జ్ఞానం ఉన్నవారైతే షార్లీ, లింక్‌డింగ్, లింక్‌వార్డెన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లను సొంత సర్వరులో పెట్టుకోవచ్చు. వీటిలో షార్లీకి డేటాబేసు కూడా అక్కరలేదు, లింక్‌వార్డెన్ పేజీ నకలును తానే తీసుకుంటుంది. సాధనం ఎంపిక కన్నా ఎక్కువ శ్రమ పడాల్సింది వివరణ వాక్యం మీద. ‘చదవండి’, ‘ముఖ్యం’ అని రాస్తే పనికిరాదు. ఎవరు రాశారు, ఏ తేదీది, ఇందులో ఏ ప్రశ్నకు జవాబుంది అని తెలుగులో ఒక వాక్యం రాస్తే, పేజీ పోయినా ఆ వాక్యం మిగిలి మరోచోట వెతకడానికి ఆధారమవుతుంది. సెర్చ్ ఇంజిన్ కోట్ల పేజీలు చూపగలదు గానీ, కవిటి మండలంలో నీళ్ల గురించి పనిచేసే మనిషి ఏ నివేదికను నమ్మదగినదిగా ఎంచుకున్నాడో చెప్పలేదు. నా దృష్టిలో సోషల్ బుక్‌మార్కింగ్‌లో అన్నిటికన్నా విలువైన భాగం ఆ ఎంపికా, ఆ ఒక్క వాక్యమూను.

బహిరంగంగా దాచేటప్పుడు ఒక కట్టుబాటు తప్పనిసరి. లింకు ఉన్న ఎవరైనా తెరవగలిగే పత్రాలు, అంటే రోగుల పేర్లున్న పట్టికలు, విద్యార్థుల మార్కులు, సాయం అందుకున్నవారి ఫోను నంబర్లు, పొరపాటున కూడా బహిరంగ ట్యాగుల్లోకి రాకూడదు. ఒకరు ఏ జబ్బు గురించి, ఏ ఉద్యోగం గురించి చదువుతున్నారో వాళ్ల బుక్‌మార్కులే చెప్పేస్తాయి గనుక, కొత్తగా చేరినవారికి గోప్యంగా దాచే మీట ఎక్కడుందో మొదటి రోజే చూపించాలి.

ట్యాగుల పొందిక విషయంలో తమకు నచ్చిన నవలలు, సినిమాల పాత్రలతో అభిమానులు రాసుకునే కథల లోకం నుంచి నేర్చుకోదగ్గది ఉంది. 2011లో డెలిషియస్ రూపు మారి తమ ట్యాగులు సరిగా పనిచేయకపోవడంతో, ఆ పాఠక సమూహాలు తమ అవసరాలను వివరిస్తూ పిన్‌బోర్డు కోసం యాభై పుటలకు మించిన ఉమ్మడి పత్రం రాశాయి. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే వారి సొంత వేదికలో రచయిత ఏ ట్యాగైనా రాసుకోవచ్చు, దాన్ని ఎవరూ మార్చరు. తెర వెనుక స్వచ్ఛంద సేవకులు పర్యాయపదాలను ఒకదానితో ఒకటి కలుపుతారు. తెలుగుకు ఇదే సరైన పద్ధతి. సిక్కోలు అన్నవారిని శ్రీకాకుళం అనమని, తుఫాను అన్నవారిని తుపాను అనమని దిద్దనక్కరలేదు. సమానార్థకాల పట్టిక ఒకటి ఉంచి, నెలకొకసారి ఒకరు కూర్చుని కొత్త ట్యాగులను అందులో చేర్చాలి. పాలకొండ వరుసలో 2022 ఏప్రిల్‌కు ముందు శ్రీకాకుళం, తరవాత పార్వతీపురం మన్యం అని ఉండాలి. ఆ పట్టికా, బుక్‌మార్కుల ఫైలూ ఒకే ఫోల్డరులో పెట్టి, దాని నకళ్లు కనీసం ఇద్దరి దగ్గర, వేరువేరు ఊళ్లలో ఉంచాలి.